ఏడు గంటల బ్యాచా, ఎప్పుడైనా చూసుకునే వీడియోనా?

తమ్ముడు: ఫీజు కట్టే ముందు ఒక్క మాట అక్కా. కుబర్నెటీస్ నేర్చుకోవడానికి అమీర్‌పేటలో పొద్దున ఏడు గంటల బ్యాచ్ ఎందుకు? అక్కడ సార్ చెప్పేదంతా వీడియోల్లో ఉంది. నాది ప్రొడక్షన్ సపోర్ట్. ఈ వారం పగలు, వచ్చే వారం రాత్రి. ఆన్‌కాల్ ఫోను ఎప్పుడు మోగుతుందో తెలియదు. బ్యాచ్ నా కోసం ఆగదు. రెండు క్లాసులు పోతే మూడోది తలకెక్కదు. అడిగితే ‘రికార్డింగ్ పంపిస్తాం, చూసుకోండి’ అంటారు. చివరికి చూసేది వీడియోనే అయినప్పుడు మొదటి నుంచీ అదే చూస్తే పోలా?

అక్క: నీకు షిఫ్టులే అడ్డమైతే నేనేమీ అనను. నా సంగతి వేరు. నాకూ ఖాళీ గంట దొరుకుతుంది, కానీ అది నాదని ఇంట్లో ఎవరూ అనుకోరు. ల్యాప్‌టాప్ తెరిచి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ‘వీడియోనేగా, ఆపి వచ్చెయ్’ అంటారు. పాపకు స్కూలు ప్రాజెక్టు చార్టు, అత్తయ్యకు బీపీ మాత్ర, గుమ్మంలో కొరియర్. ఆపగలిగేదాన్ని అందరూ ఆపిస్తారు. అదే ‘క్లాసుకి వెళ్తున్నా’ అని చెప్పులేసుకుంటే ఆ పూట టిఫిన్ సంగతి ఇంకెవరో చూసుకుంటారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చన్న వెసులుబాటును నువ్వు వరం అంటున్నావు. నా చదువు ఆగిపోయేది దానివల్లే.

తమ్ముడు: అంటే మీరు ఫీజు కట్టేది పాఠానికి కాదు, ఇంట్లోంచి బయటపడడానికి.

అక్క: కొంతవరకు అంతే. అందులో తప్పేముంది? మనవాళ్లు చిట్టీ ఎందుకు కడతారు? ఆ డబ్బు నెలనెలా బ్యాంకులో వేసుకుంటే వద్దన్నవాళ్లెవరు? వేసుకోం గనక. పదిమందీ కడుతున్నారు, పాట తేదీ దగ్గరపడింది అంటే ఎలాగో తెచ్చి కడతాం. బ్యాచ్ కూడా అలాంటిదే. ఒంటరిగా చదివేటప్పుడు మనం ఎలాంటివాళ్లమో ‘ఆరంభశూరులు’ అన్న ఒక్క మాటలో మన పెద్దలు చెప్పేశారు. తెలుగువాళ్లను మాత్రమే అనక్కర్లేదులే. హార్వర్డ్, ఎంఐటీ కలిసి ఎడెక్స్‌లో పెట్టిన కోర్సుల లెక్కలు 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. 2017-18లో చేరినవాళ్లలో చివరిదాకా వెళ్లింది 3.13 శాతం. నూటికి ముగ్గురు! సగం మందికి పైగా అసలు పాఠమే తెరవలేదు.

తమ్ముడు: ఆ లెక్క నాకూ తెలుసు. రూపాయి ఖర్చు లేనిచోట ఎవరైనా పేరు రాసుకుంటారు. అలా రాసుకున్న వాళ్లంతా చదువుతామని మాట ఇచ్చినట్టు కాదు. ఇంకో సంగతి. ఉద్యోగం చేసేవాడికి కోర్సు మొత్తం ఎందుకు? మా క్లస్టర్‌లో ఇన్‌గ్రెస్ మొరాయిస్తే నేను ఆ ఒక్క పాఠం వెతికి చూసి, రాత్రికి రాత్రి సరిచేశాను. మిగతా కోర్సు ముట్టలేదు. మీ లెక్కలో నేను ఫెయిల్, మా మేనేజర్ లెక్కలో పాస్. పూర్తి చేశారా లేదా అని చూడడం కాలేజీ అలవాటు. పైగా అమీర్‌పేటలో ఆ లెక్క ఎవరు తీశారు? ఉచిత డెమో రోజున హాలు నిండి గోడవారగా నిలబడతారు. నెల తిరిగేసరికి వెనక బెంచీలు ఖాళీ. ఆ వెళ్లిపోయినవాళ్లను ఏ పత్రికా లెక్కపెట్టదు. మీరు చెప్పిన వ్యాసంలోనే ఇంకో అంకె ఉంది, దాటేశారు. డబ్బు కట్టి సర్టిఫికెట్ కోసం చేరినవాళ్లలో 46 శాతం మంది పూర్తి చేశారు.

అక్క: దాటెయ్యలేదు, దాచుకున్నాను. డబ్బు పడేసరికి ముగ్గురు కాస్తా నలభై ఆరుగురయ్యారు. నేను చెప్తున్నదీ అదే.

తమ్ముడు: కట్టినవాళ్లు ముందునుంచే పట్టుదల ఉన్నవాళ్లేమో. డబ్బు వల్ల పట్టుదల పుట్టిందని ఆ అంకె చెప్పదు. పోనీ చెప్పిందే అనుకుందాం, అప్పుడైనా అమీర్‌పేటలోనే కట్టాలని ఎక్కడుంది? ఎన్‌పీటెల్ చూడండి. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టినది. వీడియోలు ఉచితం. వారం వారం అసైన్‌మెంట్, దానికో గడువు. చివర సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకు మాత్రం వెయ్యి రూపాయలు. మార్కుల్లో 25 అసైన్‌మెంట్లవి, 75 పరీక్షవి. పరీక్షలో 75కి 30 రాకపోతే సర్టిఫికెట్ లేదు. ఎనిమిది వారాల కోర్సులో బాగా వచ్చిన ఆరు అసైన్‌మెంట్లే లెక్కలోకి వస్తాయి. ఆ రెండింటి సడలింపు నాలాంటివాడి పాలిట దేవుడు. రిలీజ్ వారంలో ఒకటి రాయకపోయినా కోర్సు మునిగిపోదు. గడువు ఉంది, డబ్బు పెట్టిన నొప్పి ఉంది, ప్రయాణం మాత్రం లేదు. మీ ఇన్‌స్టిట్యూట్ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ అదనం, గుర్తుందా?

అక్క: ఎన్‌పీటెల్‌కి దణ్ణం పెడతాను. నెట్‌వర్క్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ పునాది గట్టిపడాలంటే అక్కడికే వెళ్లాలి. అసలు మనవాళ్లు చాలామంది ఆ పునాది లేకుండానే క్లౌడ్ మీద ఇల్లు కడుతున్నారు, అది వేరే గొడవ. ఇన్నేళ్ల జావా తర్వాత నాకిప్పుడు కావాల్సింది వచ్చే ప్రాజెక్టులో చేత్తో పట్టుకునే పనిముట్టు.

తమ్ముడు: ఆ పనిముట్టు వందమంది కూర్చున్న హాల్లో ఎలా చేతికొస్తుంది? మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో ఏ హాలుకైనా వెళ్లండి. సార్ మైకు పట్టుకుని చెప్తాడు, బోర్డు మీద బొమ్మ గీస్తాడు, మనం రాసుకుంటాం. గొప్పగా చెప్తాడు, కాదనను. మెట్లు దిగుతూ ‘సార్ సూపర్, మొత్తం అర్థమైంది’ అనుకుంటాం. ఇంటికొచ్చి కీబోర్డు ముందు కూర్చుంటే చెయ్యి ఆడదు. మీరు 2019 లెక్క చెప్పారుగా, అదే ఏడాది హార్వర్డ్‌లో ఫిజిక్స్ విద్యార్థుల మీద చేసిన ఇంకో పరిశోధన వచ్చింది. అనర్గళంగా సాగిన ఉపన్యాసం విన్నవాళ్లు తాము ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు. తంటాలు పడుతూ తామే లెక్కలు చేసినవాళ్లు తక్కువ నేర్చుకున్నామనుకున్నారు. పరీక్ష పెడితే ఎక్కువ మార్కులు వచ్చింది తంటాలు పడ్డవాళ్లకు. అమీర్‌పేట పేరు నిలబెట్టిందే ఆ అనర్గళమైన సార్లు. వాళ్ల ప్రతిభే మనల్ని మోసం చేస్తుంది.

అక్క: ఆ దెబ్బ నాకు తగిలింది. నీకు తగల్లేదా? వీడియోలో సార్ అంతకంటే అనర్గళం. తడబడిన ముక్క కోసేసి పెడతాడు. అతని కమాండ్ ఎప్పుడూ ఫెయిల్ కాదు. నువ్వేమో ఒకటిన్నర స్పీడు పెట్టి తల ఊపుతావు. బతికున్న క్లాసులో డెమో ఎన్నిసార్లు పాడవుతుందో నీకు తెలుసు. ఇమేజ్ దిగదు, పాడ్ పైకి లేవదు. సార్ అందరి ముందూ చెమటలు తుడుచుకుంటూ డిస్క్రైబ్ కొట్టి, ఈవెంట్స్ చదివి, ఇమేజ్ పేరులో ఒక అక్షరం తప్పు పడిందని పట్టుకుంటాడు. ఏది ముందు చూశాడు, దేన్ని అనుమానించాడు, ఎక్కడ తప్పుదారి పట్టి వెనక్కొచ్చాడు, అవన్నీ నేను కళ్లారా చూస్తాను. నేను కట్టే ఫీజు ఆ పది నిమిషాలకు.

తమ్ముడు: ఆ పది నిమిషాలు వీడియోలో దొరకవు. ఒప్పుకుంటున్నా.

అక్క: ఇంత తొందరగానా?

తమ్ముడు: ఎందుకంటే ఆ పది నిమిషాలు నా డెస్క్ దగ్గర రోజూ దొరుకుతాయి. ఉద్యోగంలో ఉన్నవాడికి పాడైన సిస్టమ్‌ల కరువేముంది? సీనియర్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటే చాలు. క్లాసు వల్ల వచ్చేదాంట్లో విలువైన భాగం ఆఫీసులోనే ఉచితంగా ఉంది. మిగిలిన భాగం, అంటే వివరించి చెప్పడం, వీడియో చేస్తుంది. ఇక డౌట్ల సంగతి. పక్కన నిన్నగాక మొన్న బీటెక్ పాసైన పిల్లలు. వాళ్ల మధ్య లీడ్ స్థాయి మనిషి లేచి ‘సార్, పాడ్‌కీ కంటైనర్‌కీ తేడా ఏంటి’ అనగలరా? నేనైతే అనలేను. అదే ఏఐ చాట్‌ని రాత్రి పదకొండుకు అదే ప్రశ్న పదిసార్లు అడుగుతా. విసుక్కోదు, నవ్వదు.

అక్క: సిగ్గు మాట నిజం. నా వయసువాళ్లు బ్యాచ్‌లో చేరకపోవడానికి ఫీజు కంటే అదే పెద్ద కారణం. దానికి తోడు ఇంకో లోపం నేనే చెప్తాను, నీకు తట్టలేదు కనుక. ఆ బ్యాచ్ పిల్లల కోసం పెట్టింది. మొదట్లో రోజుల తరబడి లైనక్స్ కమాండ్లే, ఎల్‌ఎస్, సీడీ. అవి వేళ్లకు అలవాటైన నేను చేతులు కట్టుకుని కూర్చోవాలి. సరిగ్గా నాకు కొత్త అయిన చోటికి వచ్చేసరికి సిలబస్ ముగించాలని సార్ పరుగెత్తుతాడు. వీడియో అయితే తెలిసింది దాటేసి, తెలియని చోట నాలుగుసార్లు ఆగుతాను. వేగం విషయంలో నువ్వే గెలిచావు, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ చాట్ సంగతి మాత్రం ఒప్పుకోను. అది నువ్వు అడిగినదానికి చెప్తుంది. అడగాలని నీకు తట్టనిదాని మాటేమిటి? డెమో క్లాసులో ఓ పిల్ల ‘సర్వీస్ డిలీట్ చేస్తే దాని వెనకున్న పాడ్స్ కూడా పోతాయా సార్’ అంది. పోవని చెప్పి సార్ అక్కడికక్కడే తీసేసి చూపించాడు. ఆ ప్రశ్న నాకు ఈ జన్మలో తట్టేది కాదు. పక్క మనిషి అజ్ఞానం నాకు పనికొచ్చేది ఒక్క తరగతి గదిలోనే. డెస్క్ దగ్గర కుర్చీ లాక్కోవచ్చన్నావు, మగపిల్లాడివి, రాత్రి షిఫ్టులో సీనియర్ పక్కన కూర్చుని టీ తాగుతూ నేర్చుకుంటావు. సాయంత్రం క్యాబ్ అందుకోవాల్సిన వాళ్లకు ఆ కుర్చీ అంత తేలిగ్గా దొరకదు.

తమ్ముడు: అది నేనెప్పుడూ ఆలోచించలేదు.

అక్క: నీ వీడియో ఏ సంవత్సరానిదో అదైనా ఆలోచించావా? కుబర్నెటీస్ ఏడాదికి మూడు వెర్షన్లు వదులుతుంది. ఒక్కోదానికి సుమారు పద్నాలుగు నెలలే సపోర్ట్. 2022 మేలో 1.24తో డాకర్‌షిమ్ పోయింది, అదే ఆగస్టులో 1.25తో పాడ్ సెక్యూరిటీ పాలసీ పోయింది. అంతకుముందు తీసిన కోర్సులో సార్ ఇంకా అవి ఉన్నట్టే చెప్తూంటాడు.

తమ్ముడు: అమీర్‌పేట జిరాక్స్ నోట్సులో మాత్రం పోయాయా? దాని కింద ఏ బ్యాచ్ తేదీ ఉంటుందో చూడండి. ఈ విషయంలో ఇద్దరం దొంగలమే. అసలు డాక్యుమెంటేషన్ చదివే అలవాటు లేకపోతే రెండు చోట్లా మునగడమే. ప్రాక్టీసు తంటా కూడా ఇద్దరికీ ఒకటే. కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేసుకోనివ్వరు. అమెజాన్‌లో క్లస్టర్ పెట్టుకుంటే కంట్రోల్ ప్లేన్‌కే గంటకు పది సెంట్లు. మరిచిపోయి నెలంతా వదిలేస్తే 72 డాలర్లు. అందుకే సొంత ల్యాప్‌టాప్‌లో మినీక్యూబ్. పోనీ, మధ్యేమార్గంగా లైవ్ ఆన్‌లైన్ బ్యాచ్‌లో చేరొచ్చుగా? సమయం నిర్ణీతం, సార్ ప్రత్యక్షం, ప్రయాణం లేదు.

అక్క: మధ్యేమార్గం అనిపిస్తుంది, నాకు మాత్రం రెండు వైపుల లోపాలూ కలిసిన దారి. కెమెరా ఆఫ్, మైక్ మ్యూట్, ఇంకో విండోలో ఆఫీసు మెయిల్. క్లాసులో ఉన్నానని ఇంట్లోవాళ్లు నమ్మరు, సార్ కూడా నమ్మడు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో గత్యంతరం లేక ఇన్‌స్టిట్యూట్లన్నీ అటు వెళ్లాయి. ఆనాటి సౌకర్యం ఇప్పుడు అలవాటైంది.

తమ్ముడు: ఇక్కడ మీరు హైదరాబాద్ మనిషిలా మాట్లాడుతున్నారక్కా. మెట్రో ఎక్కితే అమీర్‌పేటలో దిగేవాళ్లకు లైవ్ బ్యాచ్ అలవాటులా కనిపిస్తుంది. కరీంనగర్‌లోనో ఒంగోలులోనో చిన్న ఉద్యోగం చేసుకునేవాడికి అదే అమీర్‌పేట. ఒకప్పుడు కోర్సు కోసం ఉద్యోగం మానేసి, ఈ సందుల్లో హాస్టల్ గదిలో నలుగురితో సర్దుకుని, ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుని నెలలు గడపాలి. జీతం వదులుకోలేనివాడు రానే రాలేడు. వాడికి తెర మీదైనా సార్ కనిపిస్తున్నాడు. డల్లాస్‌లో, న్యూజెర్సీలో పగలంతా ఉద్యోగం చేసి, భోజనాలయ్యాక కూర్చునే మనవాళ్ల కోసం ఇక్కడ తెల్లవారుజామున బ్యాచ్‌లు నడుస్తున్నాయి. ఏది మేలైన పద్ధతి అని వాళ్లనడగండి, నవ్వుతారు. వాళ్లకు ఉన్నది ఒక్కటే.

అక్క: అది గట్టి మాట. దగ్గరున్నవాళ్లు ఎంచుకోగలరు, దూరమున్నవాళ్లకు ఎంపికే లేదు. సరే. కానీ అదే డల్లాస్ మనవాళ్లు కొందరు బ్యాచ్ కూడా మానేసి ‘జాబ్ సపోర్ట్’ కొనుక్కుంటున్నారు. వాళ్ల స్క్రీన్ ఇక్కడ ఎవరో తీసుకుని పని చేసిపెడతారు, జీతం అక్కడ పడుతుంది. తెర దాటి ఎవరూ చూడరన్న ధైర్యం ఎక్కడిదాకా తీసుకెళ్తుందో చెప్తున్నాను. ఒక గదిలో ఎదురుగా కూర్చున్నప్పుడు నా బదులు ఇంకొకరు కూర్చోలేరు.

తమ్ముడు: దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లు ఏ సందుల్లో పుట్టాయో నన్ను చెప్పమంటారా?

అక్క: వద్దులే. అసలు మనిద్దరం ఒకరినొకరు తిట్టుకోవడంలో తిట్టాల్సినవాణ్ని వదిలేశాం. కంపెనీ. ఇన్ఫోసిస్ మైసూరు క్యాంపస్‌లో కాలేజీ నుంచి వచ్చిన పిల్లలకు జీతమిచ్చి నెలల తరబడి నేర్పిస్తారు. అదే మనిషికి పదేళ్లు దాటాక కొత్తది నేర్చుకోవడం సొంత పూచీ అయిపోతుంది. ఏడింటి బ్యాచా, రాత్రి వీడియోనా అని నువ్వూ నేనూ కొట్టుకుంటున్నది నిద్రలోంచి తీసిన గంట గురించి. మధ్యాహ్నం రెండు గంటల నుంచి నాలుగు దాకా అన్న మాట మన ఇద్దరి నోటా ఒక్కసారైనా వచ్చిందా?

తమ్ముడు: మా కంపెనీ కోర్సుల లైసెన్స్ ఇచ్చింది, గంట ఇవ్వలేదు. డాష్‌బోర్డులో ఎవరు ఎన్ని గంటలు నేర్చుకున్నారో కనబడుతుంది. క్వార్టర్ చివర్లో వీడియో మ్యూట్ చేసి రాత్రంతా వదిలేసి పడుకునేవాళ్లు ఉన్నారు. అయినా నేను మీతో పూర్తిగా ఏకీభవించను. కంపెనీ గంట ఇస్తే, ఏం నేర్చుకోవాలో కూడా కంపెనీయే చెప్తుంది. వాళ్ల పాత ప్రాజెక్టుకు పనికొచ్చేదే నేర్పుతారు, పైన బాండ్ రాయించుకుంటారు. నా నిద్ర ఖర్చుతో నేర్చుకున్నది నాది. దాన్ని పట్టుకుని రేపు వేరే చోటికి వెళ్తాను. సింగపూర్‌లో 2016 నుంచి పాతికేళ్లు దాటిన ప్రతి పౌరుడి ఖాతాలో 500 సింగపూర్ డాలర్ల శిక్షణ నిధి వేశారు. ఆమోదించిన కోర్సుల్లో ఏదైనా అతని ఇష్టం. నాకు కావాల్సింది అలాంటిది.

అక్క: అక్కడా ఇచ్చింది డబ్బే తమ్ముడూ, గంట కాదు. నీ నిద్ర నువ్వు అమ్ముకోగలవు, ఒంటరివాడివి. నేను అమ్మితే పాప స్కూలు బస్సు తప్పుతుంది. స్వేచ్ఛ కోసం నువ్వు కట్టే ధర నాకు అందుబాటులో లేదు. అందుకే ఆఫీసు గంట కావాలంటాను, అది దొరికేదాకా ఏడింటి బ్యాచ్.

తమ్ముడు: ఆ బ్యాచ్ మధ్యలో మీ రిలీజ్ వస్తుంది.

అక్క: వస్తుంది. నీ వీడియో మధ్యలో ఆన్‌కాల్ వస్తుంది. రిలీజ్ అయ్యాక నేను మళ్లీ వెళ్లడానికి ఒక తలుపు, ఒక వేళ ఉన్నాయి. నువ్వు ఎక్కడ ఆపావో గుర్తుంటుందా?

తమ్ముడు: యాప్‌కి గుర్తుంటుంది. మీరు వెళ్లేసరికి బ్యాచ్ మూడు పాఠాలు దాటిపోయి ఉంటుంది.

అక్క: సరే, నువ్వు నీ దారిన, నేను నా దారిన. ఇద్దరం కుబర్నెటీస్ సర్టిఫికెట్ పరీక్ష సీకేఏ రాద్దాం. అందులో టిక్కులు పెట్టే ప్రశ్నలుండవు. టెర్మినల్ ఇచ్చి రెండు గంటల్లో చేసి చూపించమంటారు. కుబర్నెటీస్ డాక్యుమెంటేషన్ తెరిచి చూసుకోవచ్చు. 66 శాతం వస్తే పాస్. 2024 ఏప్రిల్ నుంచి దాని చెల్లుబాటు మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించారు, అంటే ఈ వాదన మళ్లీ రెండేళ్లకు వస్తుంది.

తమ్ముడు: ఫెయిలైతే ఫీజు పోయినట్టేనా?

అక్క: పోదు. అదే ఫీజులో ఇంకోసారి రాయనిస్తారు. కొన్న రోజు నుంచి ఏడాదిలోపు ముగించాలి.